వంశానుగతమైన దృష్టిరోగము – మూలకణములు



నేను వైద్యుడను కాను. ముప్పదియాఱు సంవత్సరములు ఉన్నత పాఠశాలలో ఆంధ్రపండితుడనుగా నుండి, పిల్లలకు ఛందస్సును వ్యాకరణమును చెప్పి, విశ్రాంతి పుచ్చుకొన్నవాడను. అట్టివాడు జీవకణములను గుఱించి ప్రసంగింప బూనుట చూచి మీలో కొందఱు నవ్వుకొనవచ్చును. మా యింట నొక పిల్లవాడున్నాడు. నా కుమార్తె కొడుకు. వానికి పండ్రెండేండ్లు. వాని కన్నుల నిమిత్తమై యీ నాలుగేండ్లుగా వైద్యుల నడిగియు, పుస్తకములు చదివియు నేను తెలిసికొన్న సంగతులనే నేడు మీకు మనవి చేయబోవుచున్నాను. ఇట్టి పిల్లలు మీ యిండ్లలోను ఉండవచ్చును. వారికి మందున్నదని చెప్పి మీ వాకిటికి వచ్చువారును ఉండవచ్చును.

వానికి ఎనిమిదవ యేడు నడుచుచుండగా, కార్తిక మాసమున నొకనాటి సాయంకాలము నావెంట గుడికి తీసికొనిపోయితిని. పోవునప్పుడు బాగుగనే నడచెను. మరలి వచ్చునప్పటికి చీకటి పడినది. కోనేటి మెట్లమీద వరుసగా దీపములు పెట్టియున్నారు. నాకా వెలుతురు చాలినది. వాడు మాత్రము ప్రతి మెట్టును పాదముతో తడవి చూచుకొని దిగుచుండెను. “ఏమిరా?” యని యడిగితిని. “దీపములు కనబడుచున్నవి తాతయ్యా, మెట్లు కనబడుట లేదు” అనెను.

ఇంటికి వచ్చి చెప్పగా మా యింటిది రేచీకటి యని నిశ్చయించి, నాటినుండి వానికి మునగాకును తోటకూరయు వండిపెట్టుచు వచ్చినది. ఆమె చేసినది తప్పు కాదు. ఏలన, రేచీకటి రెండు విధములు. మొదటిది విటమిన్ ‘ఏ’ కొఱతవలన కలుగునది. మన దేశమున బీదపిల్లల కది చిరకాలముగా తెలిసిన బాధయే. తగిన యాహారముతోను మందుతోను అది త్వరగా కుదురును. రెండవది వంశమున వచ్చునది. దానికి ఆకుకూరలతో పనిలేదు. ఆఱు మాసములు గడచినను మావానికి గుణము కనబడకపోవుటచే పట్టణమునకు తీసికొనిపోయి కంటివైద్యునికి చూపించితిమి. 1851లో జర్మనీ దేశీయుడగు హెల్మ్‌హోల్ట్స్ అను శాస్త్రజ్ఞుడు కంటి లోపలి గోడను చూచుటకు ఒక పనిముట్టును కల్పించెను. దాని సంతతియగు పనిముట్టుతో వైద్యుడు చూచి, పిల్లవాని కంటి లోపల అంచులయందు నల్లని మచ్చలు కొమ్మలు సాచినట్లున్నవని చెప్పి, రోగము పేరు రెటినైటిస్ పిగ్మెంటోజా యని కాగితముమీద వ్రాసి యిచ్చెను. సుమారు 4,000 మందిలో ఒకరికి ఈ రోగముండునని లెక్క.

కంటి లోపలి గోడకు అంటుకొనియున్న పలుచని పొరను వైద్యులు రెటీనా యందురు. మనము నేత్రపటల మందము. దాని మందము మిల్లీమీటరులో నాలుగవ వంతు. అంత పలుచని పొరలో వెలుతురును పట్టు కణములు రెండు తెగలవి కలవు. పుల్లలవంటి ఆకారము కలవి ఇంచుమించు 12 కోట్లు. ఇవి మసక వెలుతురులో పనిచేయును. శంకువులవంటివి ఇంచుమించు 60 లక్షలు. ఇవి పగటి వెలుతురులో రంగులను, సన్నని అక్షరములను చూపును. ఈ రెండు తెగలకును వెనుక నల్లని రంగుపొర యొకటి యుండి, వాని కాహారమును అందించుచు, అవి విడిచిన కల్మషమును తినివేయుచుండును. మావాని రోగమున మొదట పుల్లకణములు చచ్చును. అందుచేతనే మొదట రాత్రిచూపు పోవును. పిమ్మట ప్రక్కచూపు తగ్గి, గొట్టములోనుండి లోకమును చూచినట్లగును. పుల్లకణముల యండ పోయిన తరువాత శంకుకణములును క్రమముగా క్షీణించును. చేపలకు నేత్రపటలము చెడినచో మరల మొలచును. మనుష్యులకు మొలవదు.

ఈ కణము లేల చచ్చును? ఇచ్చట నా వృత్తికి సంబంధించిన పోలిక యొకటి చెప్పుదును. తాళపత్రగ్రంథమునకు నకలు తీయునపుడు లేఖకుడు ఒక్క యక్షరము తప్పు వ్రాసినచో, దానిని చూచి వ్రాసినవా రందఱును ఆ తప్పునే వ్రాయుదురు. మన శరీరమును కట్టు విధానమంతయు ప్రతి కణమునందును నాలుగే యక్షరముల లిపిలో వ్రాయబడియున్నది. అందలి యొక్కొక్క ప్రకరణమును జన్యువందురు. 1990లో అమెరికాలోని శాస్త్రజ్ఞులు ఈ రోగమునకు కారణమైన తప్పునొకదానిని తొలిసారిగా పట్టుకొనిరి. పుల్లకణములలో వెలుతురును పట్టు రొడాప్సిన్ అను ప్రొటీను కలదు. దాని గొలుసులో 23వ పూస మాఱిపోయినది. అంతమాత్రముననే ఆ వంశములవారి చూపు పోవుచున్నది. అటుపిమ్మట వెదకగా, నేత్రపటలమును చెఱచు వంశానుగత రోగములకు కారణములగు జన్యువులు 250కి మించి బయల్పడినవి. పేరొక్కటే యైనను రోగములనేకము లన్నమాట.

జన్యువులలో చాల భాగము మనకు రెండు ప్రతులుగా వచ్చును. తండ్రినుండి ఒకటి, తల్లినుండి ఒకటి. కొన్ని జాతుల రోగములలో ఒక ప్రతి మంచిదైన చాలును, చూపు నిలుచును. రెండును తప్పైనప్పుడే రోగము వచ్చును. తల్లిదండ్రు లిరువురును తప్పుప్రతి నొక్కొక్కటి దాచుకొన్నవారైనచో, కలుగు ప్రతి బిడ్డకును నాలుగింట నొక పాలు ఈ రోగము రాదగును. అన్యుల నడుమ ఇట్టి కలయిక యరుదు. మేనరికములలో అంత యరుదు కాదు. ఏలన, దంపతు లిరువురకును తాతముత్తాతలు కొందఱు ఒక్కరే.

నా కుమార్తెను నా చెల్లెలి కొడుకునకే ఇచ్చితిని. ఆ పెండ్లి కుదిర్చినవాడను నేనే. పిల్లవాని రోగము తెలిసిన తరువాత మా చెల్లెలు దుఃఖము పట్టలేక, కోడలి కడుపు మంచిది కాదని యొకమాట యన్నది. నా కుమార్తె ఆ మాట విని అన్నము మానినది. రక్తపరీక్ష చేయించి జన్యువును చదివించగా, పిల్లవాని రెండు ప్రతులలోను ఒక్కటే తప్పున్నట్లు తేలెను. నేను మా చెల్లెలిని కూర్చుండబెట్టి చెప్పితిని: “అమ్మా, ఇది కోడలి సొత్తు కాదు, నీ కొడుకు సొత్తును కాదు. మన నాయనవద్దనో మన యమ్మవద్దనో ఉండి, నీకును నాకును చెఱియొకటి వచ్చి, వీనియందు కలిసినది. తెలిసి చేసినవా రెవ్వరును లేరు.” ఆమె చాలసేపు మాటాడలేదు. తరువాత లేచి కోడలికి తానే వడ్డించినది.

ఇక మూలకణముల సంగతి. గుండెలోని కణము, చర్మములోని కణము, కంటిలోని కణము వేర్వేఱు పనులు చేయుచున్నను, పుట్టుకలో అన్నియు ఒక్క కణమునుండి వచ్చినవే. ఏ పనియు ఇంకను నేర్చుకొనక, ఏ పనికైనను తగియుండు కణమును మూలకణ మందురు. 1998లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో జేమ్స్ థామ్సన్ అను శాస్త్రజ్ఞుడు మానవపిండమునుండి ఇట్టి కణములను తీసి పెంచెను. పిండమును చెఱచి తీయుట ధర్మమా యను వివాదము లేచినది. 2006లో జపానులోని క్యోటో నగరమున షిన్యా యామనాకా ఆ చిక్కునకు ప్రక్కదారి కనిపెట్టెను. ఎలుక చర్మపు కణములోనికి నాలుగు జన్యువులను పంపగా, అది నేర్చిన పనిని మఱచి మరల మూలకణమైనది. మఱుసటి సంవత్సరము మనుష్యుల చర్మముతోను అట్లే చేసెను. అన్ని పరీక్షలును నెగ్గి, ఉద్యోగము చేయుచున్నవానిని తిరిగి అక్షరాభ్యాసపు పీటమీద కూర్చుండబెట్టినట్లున్నది. 1962లోనే కప్ప కణములతో ఇట్టి మార్పు సాధ్యమని చూపిన ఇంగ్లండు దేశపు జాన్ గర్డన్‌కును, యామనాకాకును 2012లో నోబెల్ బహుమాన మిచ్చిరి.

దీనివలన మనకేమి ఫలము? రెండు ఫలములు కలవు. మొదటిది రోగమును తెలిసికొనుట. రెండవది రోగమును కుదుర్చుట. మొదటిది నేడు చేతికి అందినది. రెండవది ఇంకను దూరమున నున్నది. ఈ రెండింటిని కలగాపులగము చేయుటవలననే మనవారు మోసపోవుచున్నారు.

మొదటి ఫలము చూతము. రక్తము పరీక్షింప వలెనన్న సూదితో తీయవచ్చును. నేత్రపటలమును ముక్క తీసి పరీక్షింప రాదు. తీసినంత మేర చూపు పోవును. ఆ చిక్కు మూలకణములతో తీఱినది. 2011లో జపానులోని కోబే నగరమున యోషికి ససాయి ఒక వింతను చూపెను. ఎలుక మూలకణములను ముద్దగాచేసి తగిన ద్రవములో నుంచగా, ఎవ్వరును మలచకయే అవి తమంతట తాము గిన్నెవలె ముడుచుకొని, పిండములో కన్ను పుట్టునట్లు నేత్రపటలముగా ఏర్పడినవి. 2012లో మానవకణములతోను అది సాధ్యమైనది. రోగి భుజమునుండి చర్మపు ముక్క తీసి, మూలకణములుగా మార్చి, నెలల తరబడి పెంచినచో, ఆ రోగి జన్యుదోషముతో కూడిన చిన్న నేత్రపటలము గాజుగిన్నెలో సిద్ధమగును.

ఒక్క యుదాహరణము చెప్పుదును. లెబర్ అను జర్మను వైద్యుడు 1869లో వర్ణించిన రోగ మొకటి కలదు. అందు శిశువు పుట్టుకతోనే చూపు లేనిదై యుండును. దానికి కారణములగు జన్యువులలో సెప్-290 అనునది యొకటి. జన్యువులలో పనికివచ్చు భాగముల నడుమ, నకలు తీయునపుడు విడిచిపెట్టవలసిన భాగములును ఉండును. ఈ జన్యువులో అట్టి విడిచిపెట్టవలసినచోట ఒక్క యక్షరము మాఱినది. దానిచే కణము భ్రమించి, 128 అక్షరముల వ్యర్థపు ముక్కను మూలములోనిదే యనుకొని చేర్చుచున్నది. ఆ ముక్కలో ‘సమాప్తము’ అను గుర్తున్నది. అందుచే ప్రొటీను నడుమనే యాగిపోవును. కావ్యములలో ఎవరో చొప్పించిన పద్యములను మనము ప్రక్షిప్తములందుము గదా, ఇదియు ప్రక్షిప్తమే. అయినచో, శరీరమంతట ఉన్న ఈ తప్పు కంటినే యేల ఇంతగా బాధించును? 2016లో లండను శాస్త్రజ్ఞులు రోగుల చర్మమునుండి నేత్రపటలములను పెంచి చూడగా, ఆ ప్రక్షిప్తము చర్మపు కణములలో కంటె నేత్రపటలపు కణములలో చాల ఎక్కువగా చేరుచున్నదని తేలెను. చర్మమును మాత్రమే చూచినవారికి ఈ సంగతి తెలిసియుండదు. ఆ మోసపు చోటును కప్పివేయు చిన్న జన్యుపు ముక్క నొకదానిని మందుగా ఆ గిన్నెలో వేయగా, నకలు సరిగా వచ్చినది. తరువాత ఆ మందును రోగుల కిచ్చి చూచిరి. 2019లో ప్రకటితమైన మొదటి పరీక్షలో కొందఱికి చూపు మెఱుగైనది. 2022లో ముగిసిన పెద్దపరీక్షలో మాత్రము తలపెట్టిన గుఱిని అందలేదు. గిన్నెలో కుదిరినదెల్లయు కంటిలో కుదురునని చెప్పరాదు. కాని యే తప్పును దిద్దవలెనో తెలియకయే మందిచ్చుకాలము పోయినది.

రెండవ ఫలము, చచ్చిన కణములకు మాఱుగా క్రొత్తవానిని నాటుట. 2014 సెప్టెంబరులో కోబేలో మసయో తకహాషి అను వైద్యురాలి పరిశోధనబృందమువారు, డెబ్బదేండ్లు దాటిన యొక స్త్రీకి, ఆమె చర్మమునుండియే తయారుచేసిన రంగుపొరను కంటిలో అమర్చిరి. ఆమెది మావాని రోగము కాదు; వార్ధక్యమున వచ్చు వేఱొక నేత్రపటల రోగము. సంవత్సరము గడచినను ఆ పొర నిలిచినది. చూపు పెరుగలేదు, తరుగలేదు. రెండవ రోగికొఱకు సిద్ధపఱచిన కణములలో క్రొత్త జన్యుమార్పులు కనబడగా, వారు నాటుట మానివేసిరి. ఆ మానివేయుటను నేను మిక్కిలి గౌరవింతును. 2020లో కోబేలోనే మావాని రోగము వంటిది కలవారిరువురికి, మూలకణములనుండి పెంచిన నేత్రపటలపు ముక్కలను అమర్చిరి. రెండేండ్ల తరువాతను అవి పెద్ద కీడు చేయక నిలిచియున్నవని 2023లో ప్రకటించిరి. పోయిన చూపు తిరిగి వచ్చినదని వారు చెప్పలేదు. రంగుపొర కణము పోషించు కణము. చోటు దొరికిన దాని పని యది చేసికొనగలదు. వెలుతురును పట్టు కణమునకు చోటు చాలదు. ప్రక్కనున్న నాడీకణములతో అది సంబంధము కుదుర్చుకొన్నగాని మెదడునకు వార్త పోదు. కష్టమంతయు అచ్చటనే యున్నది.

ఇచ్చట మనవారికి తఱచు కలుగు భ్రాంతి యొకటి తీర్చవలెను. “హైదరాబాదులో మూలకణములతో కండ్లు తెప్పించుచున్నారు గదా?” యని నన్ను పలువు రడిగిరి. అది నిజమే. అచ్చటి ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్యసంస్థలో 2001 మొదలుకొని ఇట్టి చికిత్స జరుగుచున్నది. సున్నమో ఆమ్లమో పడి కంటి ముందుభాగమునందలి నల్లగ్రుడ్డు అంచు కాలినవారికి, మంచికంటినుండి తీసిన మూలకణములను నాటి చూపు నిలిపిరి. కాని యది కంటికి ముందున్న అద్దపు పొర సంగతి. నేత్రపటలము వెనుకనున్నది, నాడీజాతికి చెందినది. కిటికీ అద్దము మార్చుటకును, గోడలోని తీగలన్నియు క్రొత్తగా కలుపుటకును ఎంత భేదమో, వీనికి నంత భేదము.

రెండేండ్ల క్రిందట బంధు వొకరు ఒక మనుష్యుని మా యింటికి తీసికొనివచ్చెను. ఎక్కడనో దూరపట్టణమున వైద్యశాల కలదట. పొట్టలోని క్రొవ్వునుండి మూలకణములు తీసి, ఒక్క పూటలోనే రెండు కండ్లకును సూదిమందుగా ఎక్కింతురట. అయిదు లక్షల రూపాయలు. మా అల్లుడు రెండెకరముల పొలము అమ్ముటకు బేరము పెట్టెను. నేను తొందరపడవలదని యంటిని. అప్పుడు నా కుమార్తె యన్నమాట నేటికిని నా చెవిలోనున్నది: “నాన్నగారూ, మీరు పుస్తకములు చదువుచుండగానే వాని చూపు పోవుచున్నది.” దానికి నాయొద్ద ప్రత్యుత్తరము లేదు. పెండ్లి కుదిర్చిననాడు తొందరపడినవాడను, నేడు నిదానింపుమనుటకు నాకేమి యధికారము?

ఆ మనుష్యుని నేను మూడు ప్రశ్న లడిగితిని. క్రొవ్వునుండి తీసిన కణమును నేత్రపటలపు కణముగా మార్చిన తరువాత నాటుదురా, ఊరకయే నాటుదురా? ఇది పరిశోధన యైనచో, భారతదేశపు క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో దాని సంఖ్య యేది? రెండు కండ్లను ఒక్కనాడే యేల ముట్టవలెను? మొదటిదానికి సూటిగా చెప్పలేదు. రెండవదానికి కాగిత మింటిదగ్గఱ నున్నదనెను. మూడవదానికి ఖర్చు కలిసివచ్చుననెను. మా వైద్యుని కీ సంగతి చెప్పగా, ఆయన 2017లో వైద్యపత్రికలో ప్రకటితమైన వృత్తాంతమును వినిపించెను. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రమున ముగ్గురు స్త్రీలకు అచ్చముగా ఇట్లే, క్రొవ్వునుండి తీసిన కణములను రెండు కండ్లలోను ఒక్కనాడే ఎక్కించిరట. వారికి అంతకుముందు ఎంతోకొంత చూపున్నది. తరువాత తీవ్రమైన అంధత్వము కలిగినది. మన దేశమునందును 2017లో భారత వైద్య పరిశోధనమండలివారు నియమములు ప్రకటించిరి. రక్తసంబంధములైన కొన్ని రోగములకు తప్ప, మూలకణ చికిత్స అనుమతి పొందిన పరిశోధనలో భాగముగానే జరుగవలెను. అందు చేరినవారివద్ద దానికై సొమ్ము పుచ్చుకొనరాదు. మా పొలము నిలిచినది. అంతకంటె ముఖ్యముగా, పిల్లవానికి మిగిలియున్న చూపు నిలిచినది.

అట్లని చేతులు కట్టుకొని కూర్చుండవలె ననుట నా యభిప్రాయము కాదు. చేయదగినవి కలవు. మొట్టమొదట జన్యుపరీక్ష చేయించుడు. 2017 డిసెంబరులో అమెరికా ప్రభుత్వ మంగీకరించిన జన్యుచికిత్స యొకటి కలదు, అది ఆర్.పి.ఇ-65 అను జన్యువునందు దోషమున్నవారికే, అదియు కణములు కొన్ని బ్రతికియున్నప్పుడే పనికివచ్చును. మావానిది వేఱు జన్యువు. మీ పిల్లవానిది అదియే కావచ్చును. తెలియక కాలము పోగొట్టుకొనరాదు. అన్నదమ్ములకు అక్కచెల్లెండ్రకు కన్నులు చూపించుడు. వంశమున రోగమున్నచో, మేనరికము నిశ్చయింపక పూర్వము వైద్యుని సలహా గైకొనుడు. విటమిన్ ‘ఏ’ మాత్రలను మీయంతట మీరు అధికముగా మ్రింగింపకుడు. అది కాలేయమునకు హాని, కొన్ని జాతుల నేత్రపటల రోగములలో కంటికిని హాని. చూపుండగానే పిల్లవానికి చేతికఱ్ఱతో నడుచుట, చెవితో చదువుట నేర్పుడు. చదువు మాన్పింపకుడు. మావాడు పాఠములను టెలిఫోనులో వినుచున్నాడు. పద్యమును రెండుమాఱులు వినిన మూడవమాఱు నాకే యొప్పజెప్పుచున్నాడు.

మొన్నటి కార్తికమున మరల ఆ గుడికే పోయితిమి. దిగునప్పుడు వాడు నా భుజముమీద చేయి వేసెను. “తాతయ్యా, నాకు మందు వచ్చునా?” యని యడిగెను. “వెదకువా రున్నారు నాయనా. నీ చర్మమునుండియే నీ కన్నును పెంచి చూడగలవారు వెదకుచున్నారు. ఎప్పటికి వచ్చునో నేను చెప్పలేను” అంటిని. వాడు కొంచెము సేపు ఊరకుండి, “అయినచో మెట్లు లెక్కపెట్టుడు” అనెను. పదునెనిమిది మెట్లు. ఇరువురమును బిగ్గరగా లెక్కపెట్టుకొనుచు దిగితిమి.

సెలవు.